చేవ్రాలి వెల

ప్రతి సంవత్సరమును పరీక్షలు సమీపించినప్పుడు పదవతరగతి విద్యార్థులు చిన్న పుస్తకములు చేతబట్టుకొని ఉపాధ్యాయుల చేవ్రాళ్లకొరకు వచ్చుట మన పాఠశాలలో వాడుక. ఇరువదియేండ్లుగా నేనట్టి పుస్తకములలో నా పేరు వ్రాయుచున్నాను. అది నిమిషపు పనియని తలచి, ఒక్కొక్కప్పుడు వరండాలో నడచుచునే వ్రాసియిచ్చితిని. మనుష్యుని చేవ్రాలు ఎంత బరువైనదో 2025వ సంవత్సరపు వేసవిలో ఒక బాలుడు నాకు నేర్పెను. ఆ సంగతినే యిచ్చట విన్నవించుచున్నాను.

నా చెల్లెలు తన కుటుంబముతో అమెరికాదేశమున, టెక్సస్ రాష్ట్రములోని డాలస్ నగరమునకు సమీపమున నివసించుచున్నది. ఆ సెలవులలో నేనచ్చట ఒక మాసముంటిని. ఆమె కుమారునికి పదునాలుగేండ్లు. నేను వెళ్లిన మొదటి సాయంకాలముననే అతడు నన్ను తన గదికి తోడ్కొనిపోయి, పెద్ద ఆల్బములు నాలుగు తెచ్చి ముందుంచెను. ప్రతి పుటకును తొమ్మిదేసి అరలు. ప్రతి అరలోను బాస్కెట్‌బాల్ క్రీడాకారుని చిత్రముగల యొక అట్టముక్క. దాని వెడల్పు రెండున్నర అంగుళములు, పొడవు మూడున్నర అంగుళములు. వీనిని అచ్చటివారు ట్రేడింగ్ కార్డులందురు. పిల్లలు తమలో తాము మార్చుకొందురు; పెద్దలు కొని, మరల అమ్ముదురు.

ఈ యాటకును మనవంటి మిషను పాఠశాలలకును గల చుట్టరికమును నేనతనికి చెప్పితిని. దైవశాస్త్రము చదివిన జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు 1891వ సంవత్సరము డిసెంబరులో, స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందలి వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో, పీచుపండ్ల బుట్టలు రెండు పైవసారాకు కొట్టించి, పదమూడు నియమములతో దీనిని ప్రారంభించెను. ఆ సంఘమునకే చెందిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసున శారీరకవిద్యా కళాశాలను స్థాపించెను. దక్షిణదేశపు వ్యాయామోపాధ్యాయులెందరో అందు శిక్షణ పొందినవారే. మేనల్లుడు శ్రద్ధగా విని, “మామయ్యా, బుట్టల సంగతి మీరు చెప్పితిరి; కార్డుల సంగతి నేను చెప్పెదను” అనెను.

అతడు చెప్పినదిది. 1948లో బోమన్ సంస్థవారు 72 బాస్కెట్‌బాల్ కార్డులు వెలువరించిరి. అందు జార్జి మైకన్ కార్డు నేటికిని సేకరించువారికి మిక్కిలి ప్రియమైనది. 1986లో ఫ్లీర్ సంస్థవారు వెలువరించిన 132 కార్డులలో 57వది మైకేల్ జోర్డనుది. ఆ దినములలో ఇవి పిల్లల చిల్లరడబ్బులకు దొరకుచుండెను. పిదప క్రీడాకారులచేత చేవ్రాళ్లు చేయించి, అట్టి కార్డులను కొన్ని పొట్లములలో నుంచి యమ్ము పద్ధతి వచ్చెను. ఈ చేవ్రాలు నిజమైనదను సంస్థవారి హామీ కార్డు వెనుక అచ్చుపడియుండును. కార్డుమీదనే చేసిన చేవ్రాలికి గిరాకి యెక్కువ. అంటుకాగితముపై చేయించి తరువాత అతికించినదానికి తక్కువ. 2003-04లో అప్పర్ డెక్ సంస్థవారు లెబ్రాన్ జేమ్స్ చేవ్రాలును, అతని క్రీడాదుస్తుల తునకయు గల యొక రకపు కార్డులను 99 మాత్రమే చేసిరి. వానిలో నొకటి 2021 ఏప్రిలులో 52 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను.

కార్డులకు మార్కులు వేయు సంస్థలును గలవట! 1991లో ఆరంభమైన పి.ఎస్.ఏ. యను సంస్థవారు మూలలు, అంచులు, పైభాగపు నునుపు, చిత్రము నడుమ కుదిరిన తీరు పరీక్షించి, ఒకటి మొదలు పదివరకు మార్కులు వేసి, కార్డును గట్టి ప్లాస్టిక్ పలకలో భద్రపరచి యిత్తురు. ఈ మార్కులమీదనే ధర యాధారపడును. అయినను ఆ ధర నిలుకడగలది కాదు. చేవ్రాలు లేకున్నను పదిమార్కులు పొందిన జోర్డను కార్డు 2021 జనవరిలో 7,38,000 డాలర్లు పలికి, ఆ యేడు గడువకమున్నే అందు సగమునకంటె తక్కువకు దిగెను. ఉన్నధరకు కొని దిగినధరకు అమ్ముకొన్నవారు అనేకులు.

మేనల్లుని కార్డులలో ఎల్ల అతనికి ప్రాణమైనది స్టెఫెన్ కరీ చేవ్రాలుగల కార్డు. ఇరుగుపొరుగువారి పచ్చికను కోసి కూడబెట్టిన 240 డాలర్లతో అతడు దానిని అంతర్జాలమున ఒకరియొద్ద కొనియుండెను. అది సంస్థవారు చేయించిన చేవ్రాలు కాదు; సాధారణమైన కార్డుపై తరువాత కలముతో చేసినది. తోడుగా ఒక ధ్రువపత్రము మాత్రముండెను. అతడు దానిని పరీక్షకు పంపియుండెను. నేనుండగనే జవాబు వచ్చెను: చేవ్రాలు నిజమైనదని ధ్రువపరచుటకు వీలులేదు. అమ్మినవానికి వ్రాసిన ఉత్తరములకు బదులు రాలేదు. ఆ రాత్రి బాలుడు భోజనమునకు దిగిరాలేదు.

మరునాడు అతని సహపాఠి యొకడు ఆ కార్డును 200 డాలర్లకు కొనెదనని కబురుచేసెను. పరీక్ష సంగతి వానికి తెలియదు. ఇచ్చట నా తప్పును దాచక ఒప్పుకొనవలెను. బాలుని దుఃఖము చూడలేక నేనిట్లంటిని: “పరీక్షించినవారు పొరబడరా? అది నిజమైనదేయైన కావచ్చును. నీవు కొన్నట్లే అతడును కొనును. నీవు మాటాడక యిచ్చిన చాలును.”

అతడు నావంక కొంతసేపు చూచి, “మామయ్యా, కొన్నప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసినది గదా!” అనెను.

ఆదివారపు బడిలో సత్యమునుగూర్చి ఎన్నియో పాఠములు చెప్పిన నాకు నోట మాట రాలేదు. అతడు సిరాకలము తీసి, కార్డు వెనుక “ఈ చేవ్రాలు నకలు” అని వ్రాసి, తేదీవేసి, క్రింద తన పేరు వ్రాసెను. ఇక దానిని ఎవరును ఎవరికిని అమ్మలేరు. ఆ కార్డుపై నిజమైన చేవ్రాలు అదియొక్కటే. స్నేహితునికి ఉన్న సంగతి ఫోనులో చెప్పి, కార్డును ఆల్బములో కడపటి అరలో నుంచెను.

పిమ్మట నేను చాల ఆలోచించితిని. అట్టముక్క వెల యెంత? సిరా వెల యెంత? ఫలానావాని చేయి దీనిని తాకినదను నమ్మకమునకే జనులు లక్షలిచ్చుచున్నారు. అబద్ధపు చేవ్రాలొకటి సంతలోనికి వచ్చిన, కొన్నవాడొక్కడే నష్టపడడు. నిజమైనవానిని గూడ జనులు శంకింతురు. 1990 దశకమున షికాగోలో జోర్డను మొదలగువారి దొంగ చేవ్రాళ్లపై ఎఫ్.బి.ఐ. వారు దర్యాప్తు జరుపవలసివచ్చెను. ఆ దొంగ వస్తువులు ఒకచేతినుండి ఒకచేతికి మారుటకు, తెలిసియు మాటాడక యిచ్చు నావంటివారే తోడ్పడుదురు.

నేను తిరిగివచ్చిన తరువాత 2025 ఆగస్టులో మేనల్లుడు ఉత్సాహముతో వార్త పంపెను. మైకేల్ జోర్డను, కోబీ బ్రయంటు ఇరువురి చేవ్రాళ్లును గల 2007-08 నాటి యేకైక కార్డు వేలములో 1,29,32,000 డాలర్లు పలికెనట. కోబీ 2020 జనవరిలో హెలికాప్టరు ప్రమాదమున మరణించెను. ఆ చేయి మరల వ్రాయదు. ఆ వార్త చదివినప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది ఆ కోటిడాలర్ల కార్డు కాదు. వెనుకవైపున పిల్లవాని పేరుగల వెలలేని కార్డు.

ఉపాధ్యాయుని చేవ్రాలు వేలమునకు రాదు. కాని హాజరుపట్టీ క్రిందను, మార్కులపట్టీ క్రిందను, నడవడి పత్రము క్రిందను అది యుండును. దానిని నమ్మి పై పాఠశాలవారు బిడ్డను చేర్చుకొందురు, తల్లిదండ్రులు ఆశలు పెట్టుకొందురు. చదువకయే చేవ్రాలు చేసిన కాగితములు నాకును గలవు. ఇప్పుడు ప్రతి కాగితమును కడవరకు చదివిన తరువాతనే కలము తీయుచున్నాను.

ప్రియ విద్యార్థులారా, ఈ యేడును మీ పుస్తకములు తెండు. నడచుచు వ్రాయను, కూర్చుండి వ్రాసెదను.