నాన్నది హెవీ.. నాది ఎల్ బోర్డు

మా ఇంటర్ కాలేజీ గేటు ముందు సాయంత్రం అయిదింటికి నిలబడితే చాలు, ఎవరింట్లో ఏ బండి ఉందో తెలిసిపోయేది. ఫస్టియర్ అబ్బాయిల్లో సగం మంది అప్పటికే బండ్ల మీద తిరిగేవాళ్లు. కాలేజీ లోపలికి రానివ్వరు కాబట్టి పక్క సందులో కిరాణా కొట్టు ముందు పెట్టుకునేవాళ్లు. ఆ కొట్టాయన బండికి పది రూపాయలు తీసుకునేవాడు. సరుకుల మీద కంటే దాని మీదే ఎక్కువ మిగిలేదేమో! అమ్మాయిల్లోనూ ముగ్గురు స్కూటీ మీద వచ్చేవాళ్లు. నేను షేర్ ఆటో. అందులో విడ్డూరం ఏముంది అంటారా? మా నాన్న లారీ డ్రైవర్. "డ్రైవర్ కూతురివై ఉండి బండి నడపడం రాదా?" అని నన్ను అడగనివాళ్లు లేరు.

మాది విజయవాడ. ఆటోనగర్‌కి దగ్గర్లో ఉంటాం. తెల్లారకముందే టింకరింగ్ దెబ్బలు మొదలవుతాయి. లారీలకి బాడీలు కట్టేవాళ్లు, కమాన్ పట్టీలు మార్చేవాళ్లు, పాత టైర్లు అమ్మేవాళ్లు.. మా బజార్లో పిల్లలు ఇంజను చప్పుడు విని ఏ బండో చెప్పేస్తారు. నాన్న పదిహేనేళ్లకే క్లీనర్‌గా ఎక్కాడు. అద్దాలు తుడవడం, టైర్లకి గాలి చూడటం, పట్టా కప్పి తాడు బిగించడం, రివర్స్ చేసేటప్పుడు వెనకాల నిలబడి "రానీ.. రానీ.. హోల్డాన్!" అని అరవడం. ఇవన్నీ రెండు మూడేళ్లు చేశాక, రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉంటే గురువుగారు కాసేపు స్టీరింగ్ చేతికిచ్చేవాడట. గురువుగారు అంటే పాత డ్రైవరు. ఇప్పటికీ ఆయన పేరు చెప్పేటప్పుడు నాన్న 'గారు' లేకుండా చెప్పడు.

అంత కష్టపడి నేర్చుకున్న విద్య నాకు నేర్పమంటే మాత్రం ససేమిరా అనేవాడు. "పద్దెనిమిది నిండేదాకా తాళం ముట్టుకోవద్దు" అని ఒకే మాట. ఇంట్లో స్కూటర్ ఉంది. నాన్న ఊళ్లో ఉన్న నాలుగు రోజులూ తిరుగుతుంది, మిగతా రోజులన్నీ వరండాలో దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. దాన్ని చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

నాకు పదహారున్నర ఉన్నప్పుడు ఒక రాత్రి నాయనమ్మకి ఆయాసం వచ్చింది. టైము పదకొండున్నర దాటింది. నాన్న చేపల లోడు మీద కోల్‌కతా వైపు వెళ్తున్నాడు. ఆకివీడు, కైకలూరు చెరువుల చేపలు ఐసు పెట్టెల్లో సర్దుకుని అంత దూరం పోతాయి. ఆలస్యమైతే ఐసు కరుగుతుంది, దాంతోపాటు రేటూ కరుగుతుంది. అప్పటికి ఒడిశాలో ఎక్కడో ఉన్నాడు. ఇంట్లో అమ్మ, నేను, నాయనమ్మ. వరండాలో స్కూటర్, మేకుకి తాళం. అమ్మకి నడపడం రాదు, నాకు రానివ్వలేదు. ఎదురింటి అబ్బాయి టెన్త్ చదువుతున్నాడు, వాడు పరిగెత్తుకుంటూ వచ్చి "నేను తీసుకెళ్తా అత్తా! మధ్యలో నాయనమ్మని కూర్చోబెట్టి నువ్వు వెనకనుంచి పట్టుకో" అన్నాడు. అమ్మ నాన్నకి ఫోన్ చేసింది. స్పీకర్‌లో లారీ చప్పుడు మధ్య నుంచి నాన్న గొంతు: "వాడికి తాళం ఇవ్వొద్దు. 108కి చెయ్యి."

108 వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అంతసేపూ నాయనమ్మ గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని, గాలి కోసం వెతుక్కుంటూ కూర్చుంది. ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టాక కాస్త తేరుకుంది. వారం రోజులు నేను నాన్నతో మాట్లాడలేదు. ఆ రాత్రి విషయంలో ఆయనదే కరెక్ట్ అని ఇప్పటికీ ఒప్పుకోను. కరెక్ట్ కాదని గట్టిగా అనలేను కూడా.

ఆ కోపంలో కూర్చుని చట్టం చదివా. నిజంగానే. మోటారు వాహనాల చట్టం, 1988. అందులో నాలుగో సెక్షన్‌లో నాక్కావాల్సింది దొరికింది. 50 సీసీ మించని మోటార్ సైకిల్ అయితే 16 ఏళ్లు నిండినవాళ్లు నడపొచ్చు! గేరు లేని బండి అయి, ఇంట్లో పెద్దవాళ్లు రాసిస్తే లైసెన్సు కూడా వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి నాన్నకి వాట్సాప్‌లో పెట్టా. మాటలు లేవు కదా, ఓన్లీ స్క్రీన్‌షాట్. సాయంత్రానికి వాయిస్ మెసేజ్ వచ్చింది. "50 సీసీ బండి ఎక్కడుందో చూపించమ్మా, కొనిపెడతా."

వెతికా. యాక్టివా 110 సీసీ దగ్గర ఉంది. పల్లెల్లో పాల క్యాన్లు, గడ్డిమోపులు మోసే టీవీఎస్ ఎక్స్ఎల్ కూడా ఇప్పుడు 100 సీసీయే. లూనాలు, టీవీఎస్ 50లు తిరిగిన కాలంలో రాసిన రూలు అది. బండ్లు పోయాయి, రూలు మిగిలింది. సరే, ఇంకో దారి. గంటకి 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారుండే చిన్న ఎలక్ట్రిక్ బండ్లు ఉన్నాయి, వాటికి లైసెన్సే అక్కర్లేదు. అదైనా కొనమన్నా. "లైసెన్సు అక్కర్లేదు సరే, రోడ్డు అదేగా" అన్నాడు.

అలా చదువుతుంటేనే 199ఎ అనే సెక్షన్ తగిలింది. 2019 సవరణలో చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే బండి ఓనరుకో తల్లిదండ్రులకో మూడేళ్ల వరకూ జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. నడిపినవాళ్లకి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. కాలేజీలో ఈ ముక్క చెబితే ఒకడు "మా మావయ్య కానిస్టేబులే" అని నవ్వాడు. నాన్న భయం కూడా ఈ సెక్షన్ గురించే అనుకున్నా. లారీ డ్రైవర్‌కి పోలీసులంటే ఉండే భయం మామూలుగా ఉండదు కదా.

నాకు పద్దెనిమిది నిండింది 2024లో. ఆ రోజు నాన్న ఊళ్లోనే ఉన్నాడు. గుడికి వెళ్లొచ్చాక "పద" అని స్కూటర్ మీద ఎక్కించుకుని ఆటోనగర్ తీసుకెళ్లాడు. లారీ షెడ్డులో ఉంది, పన్నెండు టైర్లది. "ఎక్కి నా సీట్లో కూర్చో" అన్నాడు. చిన్నప్పుడు ఎన్నోసార్లు ఎక్కాను కానీ ఎప్పుడూ పక్క సీటే, లేదంటే వెనక బెర్తు మీద నిద్ర. డ్రైవర్ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. అంత ఎత్తు నుంచి చూస్తే ఆటోనగర్ అంతా నాదే అనిపించింది. షెడ్డు రేకుల మీద ఎండ, అవతల రోడ్డు మీద ఎద్దుబండి, చాలా దూరంలో కొండ.

నాన్న స్కూటర్‌ని నడిపించుకుంటూ ఎడమ పక్కకి వెళ్లాడు. కాసేపటికి కేక వినబడింది.

"నేనెక్కడున్నా?"

ఎడమ అద్దంలో చూశా. లారీ బాడీ, వెనక టైర్లు, కాస్త ఆకాశం. కిటికీలోంచి చూశా. పక్క షెడ్డు గోడ. "కనబడట్లేదు నాన్నా!"

"సరిగ్గా చూడు."

సీట్లోంచి సగం లేచి, పక్క సీటు మీదకి వంగి చూస్తే అప్పుడు కనబడింది నడినెత్తి. ఎడమ డోరుకి రెండడుగుల దూరంలో స్కూటర్ స్టాండు వేసుకుని, దాని మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. తర్వాత లారీ ముందుకొచ్చి బంపర్‌కి ఆనుకుని నిలబడ్డాడు. అసలు మనిషే మాయం! అయిదున్నర అడుగుల మనిషి, నా కళ్ల ముందే, పట్టపగలు.

"లారీవాడికి కళ్లు కనబడవా అని తిడతారు చూడు, నిజమే.. కనబడవు" అన్నాడు కిందనుంచి.

అప్పుడు చెప్పాడు. నేను రెండో క్లాసులో ఉన్నప్పటి సంగతి. ఏలూరు దాటాక ఒక ఊరి దగ్గర ఎడమకి తిప్పుతున్నాడు. మోపెడ్ మీద ఒక పిల్లాడు లారీ పక్కనుంచి దూరాడు. టెన్త్ పిల్లాడు, ట్యూషన్‌కి పోతున్నాడు. నాన్నకి కనబడలేదు, క్లీనర్ అరిచాకే తెలిసింది. బ్రేకు వేశాడు. పిల్లాడు బతికాడు, కాలు విరిగింది. రోడ్డు మీద ఏది జరిగినా పెద్ద బండిదే తప్పు, అది మన దగ్గర రాయని చట్టం. జనం పోగవుతుంటే నాన్న లారీ వదిలేసి పొలాలకి అడ్డంపడి పరిగెత్తి పోలీస్ స్టేషన్‌లోకి దూరాడట. తర్వాత కేసు, వాయిదాలు, ఓనరు కట్ చేసిన జీతం. ఆ ఏడాది నాకు స్కూలు మారడం గుర్తుంది. ఎందుకు మారానో ఆ రోజు తెలిసింది. అమ్మకి అన్నీ తెలుసట. నాకే ఎవరూ చెప్పలేదు.

"ఆ అబ్బాయి ఇప్పుడు ఏం చేస్తున్నాడు?" అని అడిగా.

"మొబైల్ షాపు పెట్టుకున్నాడు. అటు పోయినప్పుడు కనబడుతుంటాడు. కొంచెం కుంటుతాడు" అని, కాసేపాగి "తాళం తీసుకో" అన్నాడు.

ఎల్ఎల్‌ఆర్ కోసం ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకుని, మాక్ టెస్టులు మొదలుపెట్టా. ఇరవై ప్రశ్నలు, పన్నెండు కరెక్ట్ అయితే పాస్. సరదాకి నాన్నతో ఒకటి రాయించా. ముప్పై ఏళ్ల హెవీ డ్రైవర్, విజయవాడ నుంచి హౌరా దాకా రోడ్డు మీద గుంటలు లెక్క చెప్పగలిగే మనిషి, ఎంతొచ్చిందనుకున్నారు? పదకొండు! అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. "ఈ బొమ్మకి పేరుందని నాకేం తెలుసు? అది కనబడితే గేరు తగ్గించాలని తెలుసు" అని నాన్న ఫోన్ మంచం మీద పడేశాడు. నాకు మాత్రం అసలు పరీక్షలో పద్దెనిమిది వచ్చాయి. ఆ మార్కులు నాన్న ఎదురుగా మళ్లీ మళ్లీ చదివా.

ఎల్ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు ఆగితేనే అసలు టెస్టుకి వెళ్లాలి. ఆరు నెలల వరకూ టైముంటుంది. తెల్ల స్టిక్కర్ మీద ఎర్ర ఎల్ ముందూ వెనకా అంటించాం. నేర్పేవాళ్లు తప్ప ఇంకెవరూ వెనక ఎక్కకూడదు. మా ఫ్రెండ్స్‌కి ఆ సంగతి చెబితే "నువ్వు మరీ ఓవర్" అన్నారు.

ఇంటి వెనక ఖాళీ స్థలంలో ప్రాక్టీసు. టెస్టులో ఎనిమిది అంకె మీద నడపాలి, కాలు కింద పెట్టకూడదు. ఆ ఎనిమిది ఎంతుండాలో ఎలా గీయాలో తెలియక నేనూ నాన్నా కట్టెపుల్లతో గీతలు గీస్తుంటే నాయనమ్మ చూసి విసుక్కుంది. "ముగ్గు వేయడం కూడా రాదు మీకు" అంటూ ముగ్గు డబ్బా తెచ్చి, నడుం వంచి, ఒక్క చెయ్యితో ఎంత గుండ్రంగా వేసిందో! రెండు సున్నాలు, మధ్యలో మెలిక. ఆయాసం వస్తుంది వద్దంటే వినలేదు. మూడు రోజులకోసారి అది చెరిగిపోతే మళ్లీ వేసేది.

నాన్న ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య నేర్పేవాడు. ఆయన చెప్పిన వాటిలో పుస్తకంలో లేనివే ఎక్కువ. చూపు ముందు టైరు మీద పెట్టకు, ఎటు పోవాలో అటు పెట్టు, బండి చూపు వెనకాలే వస్తుంది. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టకు. ఆగి ఉన్న ఆటో పక్కనుంచి పోయేటప్పుడు దాని ముందునుంచి ఎవరో దూకుతారనే అనుకో. బస్సు ఎడమ పక్కకి దూరకు. వాన మొదలైన మొదటి పది నిమిషాలు రోడ్డు సబ్బులా ఉంటుంది. ఊళ్లో లేనప్పుడు ఇవే వాయిస్ మెసేజ్‌లుగా పంపేవాడు, వెనక ధాబా చప్పుళ్లతో సహా.

టెస్టు రోజు పొద్దున టీ కొట్టు దగ్గర ఒకాయన "ఎనిమిది వేయకపోయినా చూసుకుంటాం, కొంచెం ఖర్చవుద్ది" అన్నాడు. నాన్న ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి "మా అమ్మ ముగ్గేసి మరీ నేర్పింది" అన్నాడు. ఆయనకి అర్థమైనట్టు లేదు. ట్రాక్ దగ్గర వరసలో నా ముందున్న అబ్బాయి నాలుగేళ్లుగా బండి నడుపుతున్నానని చెప్పాడు. మెలిక దగ్గర కాలు పెట్టాడు, మళ్లీ రమ్మన్నారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నా పేరు పిలిచేసరికి అరచేతులు తడిసిపోయి యాక్సిలరేటర్ జారుతోంది. తర్వాత ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు. ముగ్గు గుర్తుంది. "అయిపోయింది, పక్కకి తియ్యమ్మా" అన్న మాట గుర్తుంది.

లైసెన్సు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి చూపిస్తే నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. ముప్పై ఏళ్ల లోపు తీసుకుంటే నలభై నిండేదాకా చెల్లుతుంది. నాది 2046 దాకా. ఆ అంకె దగ్గర ఆగిపోయాడు.

"2046 దాకానా! అప్పటికి నాకు డెబ్బై" అన్నాడు.

నాన్నది అయిదేళ్లకోసారి రెన్యువల్. వెళ్లిన ప్రతిసారీ డాక్టరు సర్టిఫికెట్ కావాలి, చూపు సరిగ్గా ఉందని రాసివ్వాలి. ఇప్పుడున్నది 2028లో అయిపోతుంది. ఈమధ్య రాత్రిపూట ఎదురు లైట్లు పడితే కళ్లు చెదురుతున్నాయని అమ్మతో అంటుంటే విన్నా. నాతో అనలేదు. పర్సులో వెంకటేశ్వరస్వామి ఫొటో వెనక ఉండే తన లైసెన్సు తీసి, ఒకసారి తుడిచి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. కళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లే పని ఇక నాది. ఎప్పుడన్నది ఆయన ఇంకా తేల్చలేదు.

ఇప్పుడు నాన్న లోడుకి వెళ్లే రోజుల్లో ఆటోనగర్ దాకా నేనే దింపుతున్నా. ఇద్దరికీ హెల్మెట్లు. వెనక కూర్చుంటే కుదురుగా ఉండడు, ప్రతి మలుపులోనూ కుడికాలితో లేని బ్రేకు తొక్కుతాడు. నాకు తెలిసిపోతుంది, బండి ఊగుతుంది కదా. మొన్న బెంజి సర్కిల్ దగ్గర ముందున్న టిప్పర్ ఎడమ ఇండికేటర్ వేసింది. దాని పక్కన బండి పట్టేంత సందుంది. నేను వెనకే ఆగా. నా వెనక బైకువాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నాన్న కూర్చున్నచోటే వెనక్కి తిరిగి, "ఆగవయ్యా బాబూ, పిల్ల నడుపుతోంది" అన్నాడు.