వంత

పక్కన నిలబడి వాయించేవాళ్ల కోసం తెలుగులో ఉన్న మాటలు దాదాపు అన్నీ తిట్లే. వంత పాడకు, తాళం వేయకు, తందానా అనకు. టీవీ చర్చల్లో రోజుకో పదిసార్లయినా వినిపిస్తాయి. కానీ బుర్రకథ చూసినవాళ్లకి వంత అంటే ఏంటో తెలుసు. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు డక్కీలు పట్టుకుని నిలబడతారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునే చోట కథ కిందపడకుండా పట్టుకునేది వాళ్లే. పోస్టర్ మీద పేరు మాత్రం కథకుడిది.

నేను వంతగాణ్ణి. పన్నెండేళ్లుగా గిటారు, ఎక్కువగా బేస్ గిటారు వాయిస్తున్నాను. మీ ఫోన్లో ఉన్న పాటల్లో కొన్నింటి అడుగున నేనుంటాను. మీరు టికెట్ కొనుక్కుని వెళ్లిన షోలో గాయని వెనక, డ్రమ్ముల పక్కన, లైటు సరిగ్గా పడని చోట నల్లచొక్కా వేసుకుని నిలబడ్డవాణ్ణి నేనే కావచ్చు.

మాది వనపర్తి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి గిటారిస్టు వచ్చాడంటే హైదరాబాద్‌లో కొంచెం వింతగా చూస్తారు. "అక్కడ గిటారెవడు నేర్పిండన్నా?" అని అడుగుతారు. మ్యూజిక్ స్కూళ్లు లేని మాట నిజమే, కానీ ఈ మూడు ఊళ్లూ పాత మిషన్ స్టేషన్లు. అమెరికా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రెదరెన్ మిషనరీలు పాలమూరు అంతటా చర్చీలు, బడులు, జడ్చర్లలో ఆస్పత్రి పెట్టారు. ఎంబీ చర్చి అంటే మావైపు అందరికీ తెలుసు. హార్మోనియం, డోలక్ ఉన్న చోటికి తర్వాత గిటారు, కీబోర్డు వచ్చాయి. మా ఊళ్లో గిటారు పట్టిన కుర్రాళ్లలో చాలామంది మొదటి కార్డ్ నేర్చుకున్నది క్వయర్ బెంచీ మీదే. నేనూ అంతే.

అప్పటికే క్వయర్లో గిటార్లు మూడున్నాయి. క్వయర్ నడిపే అన్న ఒకరోజు సికింద్రాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్ బేస్ గిటారు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాలుగే తీగలు, తాళ్లంత లావు. ఆంప్ లేకుండా వాయిస్తే నాకే వినపడేది కాదు. "అందరు పైననే వాయిస్తే కింద ఎవడుంటడ్రా?" అన్నాడు. పన్నెండేళ్ల నా ఉద్యోగానికి ఇచ్చిన ఆఫర్ లెటర్ అదే.

బేస్ ఏం చేస్తుందో ఒక్క ఉదాహరణతో చెప్తాను. గాయని గాంధారం పట్టుకుని నిలబడిందనుకోండి. కింద నేను షడ్జం వేస్తే ఆ స్వరం ఇంటికొచ్చినట్టు, వెలుతురుగా వినిపిస్తుంది. ఆమె అదే గాంధారం మీద ఉండగానే నేను చతుశ్రుతి ధైవతానికి దిగితే అదే గొంతులో దిగులు వస్తుంది. ఆమె ఏమీ మార్చలేదు. వినేవాళ్లు "ఆ చోట ఏం పాడింది!" అంటారు. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు కదా. బ్యాండ్‌లో ఆ తల్లీతండ్రీ గొడవ పడకుండా చూసుకునే పిల్లవాడు బేస్. డ్రమ్మర్ కాలి దెబ్బతో కలిసి నడవాలి, అదే సమయంలో కీబోర్డు కార్డ్‌కి పునాది వేయాలి.

ఇంకో సంగతి. బేస్ గిటారులో అన్నింటికంటే లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఫోన్ స్పీకర్‌కి అంత కింది స్వరాన్ని పలికించే శక్తి లేదు. అయినా మీకు బేస్ లైన్ అర్థమవుతుంది. దాని రెట్టింపు, మూడు రెట్ల కంపనాలు, అంటే 82, 123, ఇంకా పైవి, ఎన్నో కొన్ని చెవిలో పడతాయి. వాటినిబట్టి కింద ఉండాల్సిన స్వరాన్ని మెదడు తనే ఊహించుకుంటుంది. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. స్పీకర్లో లేకపోయినా వినిపించే ఉద్యోగం నాది.

మా నాయిన కూలికి పోయినవాడు. పాలమూరు లేబర్ లేని ప్రాజెక్టు దేశంలో లేదని మావైపు గొప్పగానూ చెప్తారు, ఏడుస్తూనూ చెప్తారు. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, గుంపును లారీ ఎక్కిస్తాడు, కాలువ తవ్వడానికో కట్ట పోయడానికో ఎక్కడికో తీసుకుపోతాడు. నాయిన జూరాల మీద కూడా పనిచేశాడు. గద్వాల పోతూ బస్సు కృష్ణ దాటినప్పుడల్లా కిటికీలోంచి చేయి చూపించి, "గీ కట్ట మేం పోసిందే కొడుకా" అనేవాడు. ప్రాజెక్టుల దగ్గర శిలాఫలకాల మీద ఎవరి పేర్లుంటాయో మీకు తెలుసు. చదువు రాని నాయినకి ఆ రాతితో పనిలేదు. ఏ రాయి ఎక్కడుందో ఆయనకి గుర్తుంది, అంతే.

నన్ను మాత్రం రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివించాడు. తన కొడుకు మేస్త్రీ మీద సూపర్‌వైజర్ కావాలని ఆశ. నేను హైదరాబాద్ వచ్చి ఇంకో రకం మేస్త్రీ చేతిలో పడ్డాను. మా రంగంలో ఆయన్ని కోఆర్డినేటర్ అంటారు. మ్యూజిక్ డైరెక్టర్‌కి ఎవరెవరు కావాలో వాళ్లని పోగేసి, టైముకి స్టూడియోకి తెచ్చి, డబ్బులు పంచేది ఆయనే. పాటకింత, షోకింత. రిహార్సల్‌కి బిర్యానీ.

పాత పద్ధతిలో అయితే మద్రాసులో యాభై మంది ఒక హాల్లో కూర్చుని ఒకేసారి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి. ఇప్పుడు నేను చాలా పాటలు ఇంట్లోనే, ఫ్యాన్ ఆపి, కుక్కర్ విజిల్ లేని వేళ చూసుకుని రికార్డ్ చేసి ఫైల్ పంపిస్తాను. గాయకుణ్ణి చూడను. ఒక్కోసారి సినిమా పేరు కూడా చెప్పరు. "హీరో ఇంట్రో, ఊపుండాలి" అని వాట్సాప్‌లో ఒక ముక్క వస్తుంది.

చుట్టాలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మరి మ్యూజిక్ డైరెక్టర్ ఎప్పుడైతవ్?" తప్పు వాళ్లది కాదు. వాళ్లకి తెలిసిన కథలన్నీ అవే. ఇళయరాజా జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా, ఇతరులకి గిటారిస్టుగా పనిచేసి 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడయ్యారు. రహమాన్ దిలీప్‌గా ఉన్నప్పుడు రాజ్-కోటి పాటలకి కీబోర్డు వాయించారు. మణిశర్మ నాన్నగారు సినిమా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ విద్వాంసులు, కొడుకు కీబోర్డు మీదుగా ముందుకొచ్చారు. తమన్ చిన్నతనంలోనే డ్రమ్ములు వాయించారు, 'భైరవద్వీపం' ఆయన మొదట్లో వాయించిన సినిమాల్లో ఒకటి. ఈ కథలన్నిట్లో పక్కవాద్యం ఒక మెట్టు. ఎక్కి వదిలేయాల్సిన మెట్టు. అక్కడే ఉండిపోయినవాడిది ఓటమి అని లెక్క.

నాకు ట్యూన్లు కట్టాలని లేదు. చెన్నై బేసిస్టు కీత్ పీటర్స్ దశాబ్దాలపాటు రహమాన్ పాటల్లో బేస్ వాయిస్తూ బేసిస్టుగానే ఉన్నారు. ఆయన పేరు మాలాంటివాళ్లకి ఎలా తెలిసిందంటే, రహమాన్ క్యాసెట్ల, సీడీల ఇన్‌లే కార్డుల మీద వాయించినవాళ్ల పేర్లు వేయించేవారు కాబట్టి. ఒక తరం కుర్రాళ్లు ఆ చిన్న అక్షరాలు చదివే వాద్యాలు ఎంచుకున్నారు. ఇన్‌లే కార్డు పోయింది. స్ట్రీమింగ్ యాప్‌లో గాయకుడు, రచయిత, సంగీత దర్శకుడు, లేబుల్. అక్కడితో సరి.

అమెరికాలో డెట్రాయిట్ నగరంలో మోటౌన్ అనే కంపెనీ ఉండేది. 1960ల్లో దాని హిట్ పాటల్లో చాలావాటికి బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్‌సన్. ఒక్క చూపుడువేలుతో వాయించేవాడు. ప్రపంచం ఆ పాటలకి డాన్స్ చేసింది, ఆయన పేరు కవర్ల మీద ఉండేది కాదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ మీద వాయించినవాళ్ల పేర్లు వేశారు, అందులో ఆయనది ఉంది. 1983లో చనిపోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకి చోటిచ్చింది 2000లో.

పేరు కోసం ఇంత యావ ఎందుకని అడగొచ్చు. నాయినకి లేదు కదా అని నేనూ అనుకునేవాణ్ణి. తర్వాత ఒక లాయరు మిత్రుడు కాపీరైట్ చట్టం చూపించాడు. 1957 చట్టానికి 2012లో సవరణలు వచ్చాయి. ప్రదర్శకుడు అంటే ఎవరో అందులో నిర్వచనం ఉంది. నటుడు, గాయకుడు, వాద్యకారుడు, గారడీవాడు, పాములవాడు కూడా ఉన్నారు. వీళ్లకి రాయల్టీ హక్కుంది. కింద ఒక మినహాయింపు ఉంది. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో, ఆనుషంగికమో అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా వాళ్ల పేరు వేయరో, వాళ్లని ప్రదర్శకులుగా లెక్కించరు. పరువు పోయేలా ఆ ప్రదర్శనని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటి మిగులుతుంది.

రెండుసార్లు చదివాను. పేరు వేయరు కాబట్టి హక్కు లేదు, హక్కు లేదు కాబట్టి పేరు వేయాల్సిన అవసరం లేదు. పాటలో బేస్ యాదృచ్ఛికమా అని వాదించవచ్చు, వాదించడానికి కోర్టుకెళ్లే బేసిస్టుని మర్నాడు ఏ కోఆర్డినేటర్ పిలుస్తాడు? నేను వాయించిన ఒక పాటకి యూట్యూబ్‌లో కోట్ల వ్యూస్ ఉన్నాయి. కింద డిస్క్రిప్షన్‌లో పోస్టర్ డిజైనర్ పేరుంది, డిజిటల్ ప్రమోషన్ చేసినవాళ్ల పేరుంది. నాలుగు నిమిషాల పాటలో ఒక్క నిమిషం కూడా ఆగకుండా వాయించిన ముగ్గురి పేర్లు లేవు.

అయితే పేరొక్కటి వస్తే కడుపు నిండుతుందా? దానికీ జవాబు మా జిల్లాలోనే ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య. పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, ఎండు సొరకాయ బుర్రలు, తీగలు. పండుగ సాయన్న కథ పాడుతూ తనకి తనే పక్కవాద్యం వాయించుకునే మనిషి. 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట ఆయన గొంతుతో, ఆయన కిన్నెరతో మొదలైంది. ఆయన పేరు దేశమంతా తెలిసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో, హైదరాబాద్ శివారు తుర్కయాంజల్‌లో ఆయన భవన నిర్మాణం దగ్గర కూలిపని చేస్తున్న ఫొటో పేపర్లలో వచ్చింది.

ఆ ఫొటో నాయినకి చూపించాను. "మనోడే" అన్నాడు. పాటగాడని అన్నాడో, పాలమూరు లేబర్ అని అన్నాడో నేను అడగలేదు.

అప్పట్నుంచి నేను రెండూ అడుగుతున్నాను. పేరు, దానితోపాటు కాగితం. పని ఒప్పుకునేటప్పుడే మెసేజ్ పెడతాను: వాయించినవాళ్ల పేర్లు టైటిల్స్‌లో, అన్ని ప్లాట్‌ఫామ్‌లలో వేయాలి, ఒప్పందం రాసివ్వాలి. కొందరు సరేనన్నారు, ఇద్దరు వేశారు కూడా. ఒకాయన "బేస్‌కి పేరేంటి తమ్ముడూ" అని నవ్వి, మర్నాడు సాఫ్ట్‌వేర్ బేస్‌తో పాట పూర్తి చేసుకున్నాడు. ఆ నెల అద్దె అమ్మ చీటీ డబ్బుల్లోంచి కట్టాను. రెండు పాటలు పోతే ఒక పాట వస్తోంది. ఈ లెక్క ఇలా ఎన్నాళ్లు నడుస్తుందో చూడాలి.

ఆదివారాలు గద్వాల, కొల్లాపూర్ నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఉంటున్న ముగ్గురు కుర్రాళ్లు నా దగ్గరికి నేర్చుకోవడానికి వస్తారు. మెట్రోనోమ్ పెట్టి ఒకే స్వరాన్ని పది నిమిషాలు వాయించమంటే విసుక్కుంటారు. వాళ్లలో ఒకడికి పోయినవారం మొదటి రికార్డింగ్ వచ్చింది. ఎంత అడగాలన్నా అని ఫోన్ చేశాడు. రేటు చెప్పాను. ఫైల్ పంపేటప్పుడు దాంతోపాటు నీ పేరు తెలుగులో, ఇంగ్లీషులో స్పెల్లింగ్‌తో సహా టైప్ చేసి పంపు, వాళ్లు అడగకపోయినా సరే, అని కూడా చెప్పాను.