చెరిపేసిన జిల్లా

2016 అక్టోబరు 11న బాన్సువాడ, నిజామాబాదు నుండి కొత్త కామారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది. నేను చూసే రైతుల పట్టికలో ఒకే ఒక్క అప్‌డేట్ ఆజ్ఞతో జిల్లా పేరు మార్చి, పని ముగిసిందనుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక పెద్దాయన 2014 నాటి చెరకు రశీదుకు నకలు అడిగాడు. అచ్చయిన కాగితం చూసి, “గప్పుడు ఈ జిల్లా ఏడున్నది బిడ్డా?” అన్నాడు. అసలుతో నకలు సరిపోలలేదు. ఆయన పని ఆగిపోయింది. తప్పు నాదే.

మా నాన్న లెక్కల పుస్తకంలో ఏదీ చెరిపేవాడు కాదు. పాతదానిపై గీత గీసి, తేదీ వేసి, కింద కొత్తది రాసేవాడు. డేటాబేసుకూ దారి అదే. ప్రతి వరుసకూ ‘ఎప్పటినుండి’, ‘ఎప్పటివరకు’ అనే రెండు గళ్ళుండాలి. నిజామాబాదు వరుస అక్టోబరు 10తో ముగియాలి, కామారెడ్డి వరుస మర్నాడే మొదలవ్వాలి. విషయం ఎప్పుడు నిజమైందన్నది ఒక కాలం, మనమెప్పుడు నమోదు చేశామన్నది మరొక కాలం. ఈ రెంటికీ ఎస్‌క్యూఎల్ ప్రమాణం 2011లో చోటిచ్చింది. నాకు తెలిసివచ్చింది మాత్రం ఆ పెద్దాయన ప్రశ్నతోనే.

మిత్రులారా, బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఆ వరుసకు ముగింపు తేదీ వేయవచ్చు. వరుసనే తుడిచివేస్తే, అక్కడికి చెరకు తోలిన బళ్ళన్నీ ఎక్కడికి వెళ్ళినట్లు?