పేరొక చోట, పిల్ల ఒక చోట

మా నర్సీపట్నానికి రైలు లేదు. అయినా రైల్వే పటంలో మా ఊరి పేరుంది. నర్సీపట్నం రోడ్డు అనే స్టేషను ఊరికి ఎంతో దూరాన ఉంటుంది. అక్కడ దిగినవారు మళ్ళీ బస్సో ఆటోనో పట్టుకొని రావలసిందే. పేరొక చోట, ఊరొక చోట ఉండటం మాకు చిన్ననాటినుంచీ అలవాటే. కానీ హాజరుపట్టీలో పేరుండి బడిలో పిల్ల లేకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మా వీధి చివర ఒక అమ్మాయి ఉంది. సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళు సహకరించవు. మాట నెమ్మదిగా, ముద్దగా వస్తుంది. తెలివికి ఏ లోటూ లేదు. వాళ్ళమ్మ కూలికి వెళుతుంది. మూడో తరగతి దాకా ఆ పిల్ల పేరు బడిలో ఉండేది, పిల్ల ఇంటి అరుగుమీద ఉండేది. అప్పుడప్పుడు ఒక టీచరుగారు ఇంటికి వచ్చి నాలుగు అక్షరాలు దిద్దించి వెళ్ళేవారు.

"బడికెల్తే పిల్లలు నవ్వుతారు, ఇంటికాడుంటే సుకంగా ఉంటాదన్నారు బాబూ" అని వాళ్ళమ్మ నాతో అంది. అన్నవాళ్ళు చెడ్డవారు కారు. జాలిపడ్డారు, అంతే.

ఆ జాలి గురించే నా బాధంతా. తీవ్రమైన వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటివద్దే చదువుకోవడాన్ని ఎంచుకోవచ్చునని విద్యాహక్కు చట్టానికి 2012లో సవరణ చేశారు. ఎంచుకొనే హక్కు బిడ్డది. మన దగ్గర ఆ ఎంపికేదో పెద్దలే చేసేస్తారు. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 నాటి చట్టం 21 రకాలను గుర్తించింది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా, దగ్గరి బడిలో గాని ప్రత్యేక పాఠశాలలో గాని, కోరుకున్న చోట ఉచితంగా చదువుకొనే హక్కునిచ్చింది.

దీన్ని మన విద్యాశాఖ 'సహిత విద్య' అంటుంది. మండలాల్లో భవిత కేంద్రాలు వెలసింది ఇందుకోసమే. సహితం నుంచే సాహిత్యం పుట్టిందని మనం చదువుకున్నాం కదా! కూడి ఉండటమే దాని అర్థం. మీ చిన్ననాటి తరగతి గదిని ఒకసారి తలచుకోండి. ఇలాంటి పిల్లలు ఎందరు కూడి ఉన్నారు? నా తరగతిలో ఒక్కరూ లేరు. ఊళ్ళో లేక కాదు.

ఫిజియోథెరపీ కోసం భవిత కేంద్రానికి తీసుకువెళ్ళినప్పుడు, అక్కడి టీచరుగారు ఆ పిల్లనే అడిగారట, ఎక్కడ చదువుకుంటావమ్మా అని. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. "పిల్లల్తో" అంది.

నాలుగో తరగతి మేడమీద ఉండేది. దాన్ని కిందికి మార్చారు. పైసా ఖర్చు కాలేదు. మొదట్లో కొందరు ఆమె మాటను వెక్కిరించారు. అప్పుడు మాస్టారు తరగతికంతటికీ ఒక నియమం పెట్టారు. ఎవరు మాట్లాడుతున్నా, ఆ మాట పూర్తయ్యేదాకా మరొకరు అందించకూడదు. నత్తి ఉన్న మరో కుర్రవాడు కూడా ఆ నియమం పుణ్యమా అని చెయ్యెత్తడం మొదలుపెట్టాడట. ఇప్పుడు ఆమె పదమూడో ఎక్కం చెబుతుంటే, పక్కన కూర్చున్న పిల్ల వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఊరుకుంటుంది తప్ప నోరు తెరవదు.

వచ్చే జూన్‌లో ఆరో తరగతి. పెద్దబడి, మళ్ళీ మెట్లు, కొత్త మాస్టార్లు. ఇంటివద్దే చదివిస్తే మేలు కదా అన్న సలహాలు అప్పుడే మొదలయ్యాయి. బడి తెరిచేలోగా హెడ్మాస్టరుగారిని కలవడానికి వాళ్ళమ్మతో నేనూ వెళుతున్నాను. నేను మాట్లాడను. ఆ పిల్లే మాట్లాడుతుంది. మా గదిని కిందికి మార్చండి అన్న ఆ ఒక్క వాక్యం ఆమె పూర్తిచేసేదాకా గదిలోని పెద్దలందరం ఆగాలి.