నేను దాచిన మాట

మా అన్నయ్య కుమారుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. హాస్టల్ గదిలో చోటు చాలదు గనుక వాడి కంప్యూటరును తార్నాకలోని మా ఇంట్లోనే ఉంచాడు. వేరుశనగ అమ్మగా వచ్చిన డబ్బులో కొంత తీసి మా అన్నయ్య కొనిపెట్టిన పాత కంప్యూటరు అది. మూడేండ్లు వాడు ఊరూరా తిరిగి సేకరించినదంతా అందులోనే ఉన్నది.

క్రిస్మస్‌కు వాడు ఊరికి వెళ్లినప్పుడు, వచ్చేలోగా దానిని మరింత బాగుచేసి పెడదామనే ఆశ నాకు కలిగింది. ఉద్యోగంలో ఉండగా నేర్చిన కొద్దిపాటి జ్ఞానం నన్ను ఊరకుండనివ్వలేదు. బయోస్‌కు క్రొత్త కూర్పు ఉన్నదని చూచి, తెచ్చి ఎక్కించాను.

బయోస్ అంటే ఏమిటో పల్లెల్లోని చదువరులకు ఒక మాట చెప్పాలి. తెల్లవారుజామున అందరికంటె ముందు లేచి, పొయ్యి వెలిగించి, ఒక్కొక్కరినే లేపే తల్లి ఇంట్లో ఉంటుంది గదా! కంప్యూటరులో ఆ పని బయోస్‌ది. మీట నొక్కగానే అది మొదట లేచి, ర్యామ్ ఉన్నదా, డిస్కు ఉన్నదా అని చూచి, తక్కినవాటిని లేపుతుంది. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో అది వ్రాసి ఉంటుంది. 1998లో తైవానులో పుట్టిన సి.ఐ.హెచ్. అనే వైరస్ 1999 ఏప్రిల్ 26న అనేక దేశాల్లో ఎన్నో కంప్యూటర్లలోని ఈ వ్రాతనే చెరిపివేసింది. మా ఇంట్లో ఆ పని నా చేతులే చేశాయి.

కంప్యూటరు తిరిగి లేవలేదు. ఫ్యాను తిరుగుతున్నది, తెర మాత్రం నల్లగానే ఉన్నది.

"ఏమైంది బాబాయ్?" అని వాడు రాగానే అడిగాడు.

"కరెంటు హెచ్చుతగ్గులయ్యిందిరా. అప్పటినుండి ఇంతే" అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో!

నా మాట నమ్మి వాడు ముందుగా కరెంటు సంగతే చూచాడు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, మెస్సుకు ఉంచుకొన్న డబ్బుతో క్రొత్త పవర్ సప్లై తెచ్చి బిగించాడు. ఫలితం లేదు. ర్యామ్ తీసి, దాని అంచును రబ్బరుతో తుడిచి పెట్టాడు. రూపాయి బిళ్లలాంటి బ్యాటరీని తీసి కొంతసేపాగి మరల పెట్టాడు. అలా చేస్తే తేదీ, సమయం, మనం పెట్టుకొన్న అమరికలు పోతాయి గాని చిప్‌లోని వ్రాత మారదు. మూడు రాత్రులు వాడు నిద్రపోలేదు. ప్రక్క గదిలో నేనూ నిద్రపోలేదు.

నాలుగవ సాయంకాలం క్యాంపస్‌లోకి నడిచి వెళ్లాము. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ఎదుట కూర్చున్నప్పుడు జరిగినది చెప్పివేశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

"స్విచ్చి ఆపకుండా ఊరికి పోయానని మూడు రోజులుగా నన్ను నేనే తిట్టుకొంటున్నాను బాబాయ్" అన్నాడు చివరకు.

డబ్బు మాట ఎత్తనే లేదు. ఆ మాటే నన్ను ఎక్కువగా బాధించింది.

అసలు సంగతి తెలిశాక పని ఒక్క పూటే పట్టింది. ఇంజనీరింగ్ కాలేజీలోని స్నేహితుణ్ణి పిలుచుకొని వచ్చాడు. కరెంటు తీగ పూర్తిగా ఊడదీసి, ఎనిమిది కాళ్ల ఆ చిప్‌కు ప్రోగ్రామర్ అనే చిన్న సాధనాన్ని తగిలించారు. ముందు అందులో ఉన్నదానిని చదివి భద్రపరచారు. అప్పుడు నా తప్పు బయటపడింది. ఒకే పేరుతో రెండు రకాల బోర్డులున్నాయి. తేడా అంచున అచ్చువేసిన చిన్న అంకెలోనే ఉన్నది. నేను రెండవదాని కూర్పు ఎక్కించాను. వారు సరియైన పాత కూర్పును తిరిగి వ్రాసి, సరిపోయిందో లేదో చూచి, మీట నొక్కారు. ఒక్క చిన్న కూత వినబడింది. తెర వెలిగింది. డిస్కులోని పరిశోధనకు ఏ హానీ జరగలేదు.

పవర్ సప్లై డబ్బు వాడి చేతిలో పెట్టాను. వద్దనకుండా తీసుకొన్నాడు. నా మనస్సు కొంత తేలికపడింది. ఆ రాత్రే మా అన్నయ్యకు ఫోను చేసి సంగతంతా చెప్పాను.

చక్కగా నడుస్తున్న పాత యంత్రం బయోస్‌ను, తగిన అవసరముంటేనే గాని మార్చవద్దు. మార్చవలసివస్తే బోర్డు మీది పేరుతోపాటు అంకె కూడా చూడండి. ముఖ్యమైనవాటి ప్రతిని వేరొకచోట ఉంచండి. పాడైతే బాగుచేసేవాడికి మొదట ఇవ్వవలసినది పనిముట్టు కాదు, జరిగినది జరిగినట్టు చెప్పే మాట. నేను ఆ మాట దాచిన మూడు రోజులూ వాడు బాగున్నదానినే విప్పి చూస్తూ గడిపాడు.