నలుపే నగ!

గోదావరి జిల్లాల్లో పెళ్లంటే కుమ్మరింటి గడప తొక్కాల్సిందే. మేళతాళాలతో వెళ్లి అరివేణి కుండలు తెచ్చుకోవడం ఆనవాయితీ. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లూ అందుకు మినహాయింపు కాదు. ఇక వేసవి వస్తే మంచినీళ్ల కుండ. కొనేవాళ్లు వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమని మోగాలి. ఎర్రగా నిగనిగలాడాలి. ఎక్కడైనా నల్లమచ్చ కనిపించిందా... 'ఇది వద్దు, ఇంకోటి ఇవ్వు' అంటారు. ఫ్రిజ్‌లు, స్టీలు బిందెలు వచ్చాక అసలే బేరాలు తగ్గిన కుమ్మరికి ఆ ఒక్క మాటా నష్టమే.

నిజానికి ఆ మచ్చలో తప్పు కుమ్మరి చేతిది కాదు, ఆవంలోని గాలిది. మట్టిలో ఇనుము ఉంటుంది. గాలి బాగా ఆడుతూ కాలితే కుండ ఎర్రబడుతుంది. గాలి అందక పొగ కమ్మితే నల్లబడుతుంది. ఆ పొగలోని కర్బనం మట్టి రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. పొయ్యి మీద పట్టిన మసైతే తోమితే పోతుంది. ఇది పోదు!

మనం పక్కన పెట్టే ఆ మచ్చనే చైనా కుమ్మరులు కుండంతా పరిచారు. 1928లో షాన్‌డాంగ్ రాష్ట్రంలోని లాంగ్‌షాన్ పట్టణం దగ్గర ఓ పురాతన స్థలం బయటపడింది. ఆ ఊరి పేరుతోనే పిలిచే లాంగ్‌షాన్ సంస్కృతి నాలుగువేల ఏళ్ల కిందటిది. అప్పటి నల్లటి పాత్రలు కొన్ని కోడిగుడ్డు పెంకంత పలచన. మందం ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. రంగు పుయ్యలేదు, గ్లేజూ లేదు. వేగంగా తిరిగే సారె మీద తీసి, ఆరాక నున్నగా మెరుగుపెట్టి, చివర్లో ఆవం మూసి పొగ పట్టించడమే.

మనవాళ్లకి ఈ విద్య కొత్తేం కాదు. ధరణికోట, నాగార్జునకొండ తవ్వకాల్లో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పాత్రలు దొరికాయి. బోర్లించి కాల్చడంవల్ల ఆ రెండు రంగులూ వచ్చాయంటారు పురావస్తు నిపుణులు.

అంతెందుకు, నిజామాబాద్ నల్లకుండలకి 2015లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన నిజామాబాద్ కాదండోయ్, ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో ఉన్నది! నల్లటి కూజా మీద వెండిలా మెరిసే లతలు అక్కడి ప్రత్యేకత. మరి అంత నలుపు ఎలా వస్తుంది? మూసిన ఆవంలో వరి ఊక పొగతో. వరిమళ్ల మధ్య ఉన్న నరసాపురంలో ఊకకి కొదవేముంది! ఈ ఊరి లేసు అల్లికలకి 2024లో అలాంటి గుర్తింపే దక్కింది కూడా.

మచ్చపడిన కుండకి మాత్రం ఇక్కడ బేరం ఒకటే... 'మొక్క పెట్టుకుంటాం, సగం ధరకి ఇవ్వు!'