నరసరావుపేటలో పరీక్షల నెల

గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలుమార్గమున నల్లపాడు దాటిన కొంతసేపటికి కొండవీటి కొండలు కానవచ్చును. రెడ్డిరాజుల కాలమున శ్రీనాథుడు విద్యాధికారిగా నుండిన చోటది. ఆ కొండల చెంతనే ఫిరంగిపురము, అటుపిమ్మట సాతులూరు, ఆమీదట నరసరావుపేట. మాఘమాసము కడపట మా చెల్లెలి యింటికి నేనీ దారినే పోతిని. కిటికీలోనుండి చూచుచుండగా అచ్చటచ్చట నేల యెఱ్ఱగా నుండెను. క్రొత్తవారు పూలని భ్రమింతురు గాని, అవి కల్లములలో ఆఱబోసిన మిరపకాయలు. గాలి యిటు తిరిగెనా, పెట్టెలోని వారందఱును ఒక్కమాఱుగా తుమ్ముదురు. పల్నాటిసీమ వచ్చినవారికి చేయు స్వాగత మదియే.

నరసరావుపేట పూర్వము అట్లూరను పల్లె. మల్రాజు వంశీయుడగు నరసారావను జమీందారు పేరుమీదుగా దీని కీ పేరు వచ్చినది. 1950లో శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల వెలసినది మొదలు చుట్టుపట్ల పల్లెల పిల్లలకు పైచదువునకై గుంటూరు పోవు పని కొంత తగ్గినది. నాగార్జునసాగరము కుడికాలువ నీరు వచ్చిన తరువాత మెట్టచేలకు కళ వచ్చినది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఇది పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణము. కలెక్టరు కచేరి వచ్చినంతమాత్రమున ఊరు మాఱినట్లు నాకు తోచలేదు. దుమ్ము మాత్రము హెచ్చినది.

నేను పోయినది కోటప్పకొండ తిరునాళ్లకు. మహాశివరాత్రినాడు ఆ కొండ క్రింద నిలిచి చూడని వారికి ప్రభ యననేమో మాటలతో చెప్పుట కష్టము. కఱ్ఱలతో, వెదుళ్లతో తాటిచెట్టును మించిన యెత్తున కట్టి, రంగుగుడ్డలతోను విద్యుద్దీపములతోను అలంకరించి, ఒక్కొక్క గ్రామమువారు పోటీపడి కొండకడకు తోలుకొని వత్తురు. రాత్రివేళ దూరమునుండి చూచిన దీపముల గోపురములు నడచి వచ్చుచున్నట్లుండును. త్రికూటేశ్వరస్వామి యిచ్చట దక్షిణామూర్తి స్వరూపుడనియు, జ్ఞానప్రదాత యనియు భక్తుల విశ్వాసము. అందుచేతనే చిన్నపిల్లలకు అక్షరాభ్యాసము ఈ కొండమీద చేయింతురు.

మా చెల్లెలి కూతురు పదవ తరగతి. ఊరిలో కతోలికు మఠకన్యలు నడుపు బాలికల పాఠశాలలో చదువుచున్నది. ప్రయాణమునకు అందఱము సిద్ధమైనప్పుడు ఆ పిల్ల, “పెద్దమ్మా, నేను రాను. ఇరువదితొమ్మిది దినములే యున్నవి” అనెను. గోడకు ఒక కాగితము అంటించి గళ్లు గీసికొన్నది. గడచిన దినమున కొక గడి నింపుచున్నది. నాకు కొంచెము కోపమే వచ్చినది. ఏడాదికొక పండుగ, ఒక్క పూట పోయి వచ్చిన నేమి? కాని తరువాత యోచించితిని. అక్షరములు దిద్దించుటకు ఆ కొండకే తీసికొనిపోయినవారము, ఆ యక్షరములు పరీక్షకు వచ్చు వేళ పిల్లను చేయిపట్టి లాగుట యేమి న్యాయము?

మూడవనాడు బుధవారము. దానిని కతోలికులు విభూది బుధవారమందురు. వారి తపస్సుకాలము ఆ దినముననే మొదలగును. పిల్లకు అన్నపుగిన్నె ఇచ్చుటకై నేను బడికి పోతిని. క్రైస్తవబాలికల నొసట బూడిదగుర్తు, మావారి పిల్లల నొసట శివరాత్రి విభూతి. ఎవరి దేదో ఒక్క క్షణము తెలియలేదు.

ప్రధానోపాధ్యాయినియగు సిస్టరుగారు పదవ తరగతి బాలికలను వరండాలో కూర్చుండబెట్టి మాటలాడుచుండిరి. నేను స్తంభము ప్రక్కన నిలిచి వింటిని. మొదటి ర్యాంకు, బడికి కీర్తి యను మాట ఆమె నోట రాలేదు. “తప్పిన లెక్కను మూడుమాఱులు చేయుడు, వచ్చిన లెక్కనే మరల మరల చేసి మురియకుడు. రాత్రి పది కాగానే పుస్తకము మూయుడు. పరీక్షలో తెలిసినది ముందు వ్రాసి, తెలియనిది తరువాత చూడుడు, కాని కాగితము ఖాళీగా నిచ్చి రాకుడు. హిందీ తప్ప తక్కినవానిలో నూటికి 35 రావలెను, ఆ 35 మీలో ప్రతివారి చేతిలోను ఉన్నవి” అని చెప్పిరి. కడపట, “ఇంట కష్టము వచ్చిన నాతో చెప్పుడు. చెప్పక మానుకొనకుడు” అనిరి. ఆ మాట యెందుకన్నారో నాకప్పుడు తెలియలేదు. ముందువరుసలో మూడు చోట్లు ఖాళీగా నుండెను.

తరువాత ఆమె గదిలో కూర్చున్నప్పుడు గోడమీది యొక వృద్ధురాలి చిత్రమును గూర్చి అడిగితిని. ఆమె జ్ఞానమ్మగారు. మనము రైలులో దాటివచ్చిన ఫిరంగిపురమున 1822లో పుట్టినది. తెలుగు కతోలికులు పూర్వమే వలసపోయి స్థిరపడిన కీళచ్చేరి యను గ్రామము తమిళదేశమున మద్రాసునకు చేరువలో కలదు. అచ్చట కాపురముండి, భర్త గతించిన పిదప, 1863లో ఆడపిల్లలకు బడి పెట్టినది. హాలండుదేశమునుండి యేసు మరియ జోజప్ప సభ కన్యలు గుంటూరు వచ్చినది 1904లో. అంతకు నలువది యేండ్లు ముందుగనే మన తెలుగు వితంతువు ఈ పనికి పూనుకొన్నది. 1874లో ఆమె గతించినది. అన్నమ్మగారి పేర మద్రాసులోను ఫిరంగిపురములోను వెలసిన రెండు కన్యకాసభలును ఆమెనే తల్లిగా తలచును. 2014లో ఆమెను దైవసేవకురాలని ప్రకటించిరి. వీరేశలింగముపంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టుటకు పదేండ్లకు పైగా ముందటి సంగతి యిది. మన పాఠ్యపుస్తకములలో ఈమె పేరు నేను చదివిన జ్ఞాపకము లేదు.

ఆ ఖాళీ చోట్ల సంగతి నేనడుగకముందే సిస్టరుగారు చెప్పిరి. “మిరపకోత లమ్మా. సంక్రాంతి దాటినది మొదలు వేసవి వఱకు మాకిదే పోరాటము. కర్నూలునుండి సైతము కుటుంబములు కోతలకు వచ్చును. ఇచ్చటి తల్లులు పిల్లలను వెంట తీసికొనిపోదురు. ఏడాదియంతయు చదివి, కడపటి రెండు నెలలలో జాఱిపోవుదురు.” ఆ ముగ్గురిలో నొకతె పేరు విని నేను ఉలికిపడితిని. ఆమె మా చెల్లెలి యింట అంట్లుతోము మనిషి కూతురు.

ఇక్కడ ఒక సంగతి దాచక చెప్పవలెను. ఆ పిల్ల మొదట బడి మానినది మిరపచేనికి కాదు, మా యింటికి. తిరునాళ్లకు చుట్టములు పదిమంది వచ్చిరి. పని యెక్కువైనదని, తల్లికి తోడుగా కూతురిని నాలుగు దినములు పంపుమని అడిగినది మా చెల్లెలు. ప్రక్కన కూర్చుండి తలయూపినది నేను. మా పిల్ల గదిలో తలుపు వేసికొని చదువుచుండెను. ఆ పిల్ల వాకిట గంగాళములు తోముచుండెను. ఇద్దఱిదియు ఒకే తరగతి, ఒకే బల్ల. పండుగ ముగిసినది, చుట్టములు పోయిరి, పిల్ల బడికి పోలేదు.

మఱునాడు మా చెల్లెలిని వెంటబెట్టుకొని సిస్టరుగారితో ఆటోలో చేనికి పోతిని. ఎండ అప్పటికే తీవ్రముగా నున్నది. ముఖములకు గుడ్డలు కట్టుకొని వరుసగా కోయుచున్నవారిలో ఎవరు తల్లియో ఎవరు పిల్లయో గుర్తింపరాదు. తల్లి మమ్ము చూచి బిత్తరపోయి లేచి వచ్చినది.

“ఏం చెయ్యమంటారమ్మా? నాలుగు రోజులు ఎట్టాగూ బడి పోయిందిగా. ఈ రెండు నెల్లే మాకు నాలుగు డబ్బులు. అప్పుంది. మాచర్ల కాణ్ణించి సంబంధం కూడా వచ్చింది” అన్నది.

మా చెల్లెలు తల వంచుకొన్నది. “బడి మాన్పించినది నేనే” అని అందఱి యెదుట ననెను. ఆమె అట్లనునని నే ననుకొనలేదు.

సిస్టరుగారు సంబంధము మాటను తేలికగా త్రోసివేయలేదు. 1929లో శారదా చట్టము వచ్చినప్పుడు ఆడపిల్ల పెండ్లికి 14 ఏండ్లు నిండిన చాలుననిరి. ఇప్పుడు 2006 నాటి చట్టము ప్రకారము 18 నిండవలెను. పదవ తరగతి ముగియునప్పటికి పిల్లకు పదునైదో పదునాఱో. ఈ నడిమి రెండుమూడేండ్లే తల్లిదండ్రులకు భయము. చదువు సాగుచున్నంత కాలము సంబంధములవారికి చెప్పుటకు ఒక మాట యుండును. చదువు నిలిచిపోయిన యింట ఆ మాట యుండదు. ఇది చట్టము కన్న తల్లికి బాగుగా బోధపడినది. కాని కూలి సంగతి? దానికి సిస్టరుగారి వద్ద జవాబు లేదు. ఆ జవాబు చెప్పవలసినవారము మేము. పరీక్షలు ముగియువఱకు పిల్ల రాత్రులు మా యింటనే యుండి మా పిల్లతో చదువుటకును, పోవు కూలిని మా చెల్లెలు ఇచ్చి, జీతములో విఱుగగోయకుండుటకును చేను గట్టుమీదనే నిశ్చయమైనది. తల్లి వెంటనే ఒప్పుకొనలేదు. ఒక వరుస కోసి వచ్చి, అప్పుడు సరే యన్నది.

అంతటితో అంతయు చక్కబడినదని చెప్పజాలను. పోయిన పాఠములు పోయినవే. లెక్కలలో ఆ పిల్ల వెనుకబడి మొదటి రెండు రాత్రులు ఏడ్చినదట. మా పిల్ల తన గళ్లకాగితము ప్రక్కన మఱియొకటి గీసి అంటించినది. దానిలో మొదటి గళ్లు ఖాళీగనే వదలినది. తక్కిన యిద్దఱు బాలికలలో ఒకతె వచ్చినది, ఒకతె యింకను రాలేదు. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష యుండును గాని, పరీక్షకే కూర్చుండనివారిని మరల బడివాకిటికి తెచ్చుట మిక్కిలి కష్టమని సిస్టరుగారు జాబులో వ్రాసిరి.

మార్చినెల నడుమ పరీక్షల మొదటి దినమున నేను మరల నరసరావుపేట పోతిని. ఆ దినము తెలుగు పరీక్ష. కేంద్రము వేఱొక బడిలో పడినది. తొమ్మిది గంటలకే గేటువద్ద తల్లులు క్రిక్కిఱిసి యుండిరి. మా పిల్లయు ఆ పిల్లయు హాలుటిక్కెట్లు చేతబట్టుకొని నిలిచిరి. అంట్లుతోము మనిషి చేనికి పోవు దారిలో పరుగున వచ్చినది. కూతురి నొసట చెమటలు క్రమ్మియుండుట చూచి తుడుచుటకు చేయి చాచి, చటుక్కున వెనుకకు తీసికొన్నది. వేళ్లకు నిన్నటి మిరప మంట యింకను పోలేదు. పమిటచెఱగు మోచేతికి చుట్టి, దానితో పిల్ల ముఖమును మెల్లగా నద్దినది. లోపల గంట కొట్టిరి.